చిన్న ట్రాక్టర్ ఇంజన్ అరిగిపోతే: సిలిండర్ బోరు కొట్టించాలా, ఇంజన్నే మార్చాలా?

బత్తాయి తోటలో చెట్ల మధ్య తిరగడానికి మా బాబాయి కొన్న 18 హార్స్‌పవర్ మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఒకటుంది. కొన్నేళ్ళ కిందట అది పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడానికి మొరాయించడం మొదలుపెట్టింది. స్టార్టయినా నీలం పొగ. రోటవేటర్ దించితే మూలుగు. దగ్గర్లో ఉన్న మెకానిక్ "పిస్టన్ రింగులేస్తే సరిపోతుంది" అన్నాడు, వేశాడు. ఒక్క సీజన్ కూడా ఆడలేదు. ఇంకొకాయన చూసి "ఇంజన్ అయిపోయింది, వేరే ఇంజన్ చూసుకోండి" అన్నాడు. ఇద్దరూ పొగ చూశారు, చప్పుడు విన్నారు, కొలత మాత్రం ఎవరూ తీయలేదు.

చివరికి బ్లాకును లేత్ షాపుకి మోసుకెళ్ళి బోరు గేజీ పెట్టిస్తే అసలు సంగతి బయటపడింది. సిలిండర్ల పైభాగం 0.21 మిల్లీమీటర్ అరిగింది. అంటే మూడు వెంట్రుకల మందం. అంత అరిగిన బోరులో కొత్త రింగులు నిలబడవు. కానీ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బంగారంలా ఉంది, బ్లాకు పగల్లేదు. ఇంజన్ మార్చాల్సిన పనే లేదు, బోరు కొట్టిస్తే, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కోసి కొంచెం వెడల్పు చేయిస్తే చాలు. మొదటాయన చెప్పింది తక్కువ పని, రెండో ఆయన చెప్పింది ఎక్కువ ఖర్చు.

మీ ట్రాక్టర్ విషయంలో ఈ తిప్పలు లేకుండా నిర్ణయం తీసుకోవడం ఎలాగో వరసగా చూద్దాం.

1. ఇంజన్ దించకముందు చిన్న కారణాలు కావని తేల్చుకోండి

పవర్ తగ్గిందంటే బోరే పోయిందని కాదు. ముందు పొగ రంగు చూడండి. నల్ల పొగైతే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయినా, డీజిల్ నాజిల్ సరిగా చిమ్మకుండా కారుతున్నా ఇలాగే వస్తుంది. తెల్ల పొగ వస్తూ డీజిల్ వాసన కొడితే మంట సరిగా అందుకోవడం లేదని అర్థం. డీజిల్ పంపు టైమింగో, నాజిలో, కంప్రెషనో (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కారణం కావచ్చు. తెల్ల పొగతో పాటు రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే పట్టీ) వైపు చూడాలి. నీలం పొగ వస్తే మాత్రం ఇంజనాయిల్ కాలుతున్నట్టే. అప్పుడు కూడా అది రింగుల దగ్గర్నుంచే రావాలని లేదు, వాల్వు గైడ్ల నుంచీ దిగుతుంది.

నాజిళ్ళు విప్పి పంపు షాపులో టెస్టర్ మీద చూపించండి. పెద్ద ఖర్చు కాదు. నాజిల్ చిమ్మేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల మాత్రం వేలు తీసేయాల్సినంత హాని జరుగుతుంది. అలా ఎప్పుడైనా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించండి. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి సన్నటి మట్టి అంటిందా? అయితే మీ ఇంజన్‌ని ఏది తినేసిందో తెలిసిపోయినట్టే. బాబాయి ట్రాక్టర్‌లో ఆ గొట్టం క్లిప్పు కింద, కంటికి కనబడని చోట చీలి ఉంది. ఎర్ర దుమ్ము ఫిల్టర్‌ని తప్పించుకుని తిన్నగా సిలిండర్లలోకి పోయింది. రింగులు వేసిన మెకానిక్ ఆ పాత గొట్టాన్నే మళ్ళీ తగిలించాడు.

2. కంప్రెషన్ చూడండి

ఇంజన్ వేడెక్కాక ఆపి, అన్ని నాజిళ్ళో గ్లో ప్లగ్గులో తీసి, డీజిల్ రాకుండా స్టాప్ లివర్ లాగి, ఒక్కో సిలిండర్‌కి డీజిల్ కంప్రెషన్ గేజీ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్ బండ్ల గేజీ దీనికి పనికిరాదు. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే రీడింగే తప్పు వస్తుంది. చిన్న డీజిల్ ఇంజన్లలో చాలావాటికి బాగున్నప్పుడు చదరపు సెంటీమీటరుకు 28 నుంచి 32 కిలోల దాకా వస్తుంది. 23 కిలోల దరిదాపుల్లోకి దిగితే పని పడ్డట్టే. మీ మోడల్ లెక్క సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే ప్రమాణం. సిలిండర్‌కీ సిలిండర్‌కీ 10 శాతం మించి తేడా ఉండకూడదు.

తక్కువొచ్చిన సిలిండర్‌లో ఒక్క టీ స్పూను ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. స్పూను కంటే ఎక్కువ పోయొద్దు. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు చాలా తక్కువ, ఆయిల్ నిండితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఇంకో పాత పద్ధతి: ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడటం. మూత ఎగిరెగిరి పడుతూ గుప్పుగుప్పున పొగ వస్తుంటే సిలిండర్లలోని ప్రెషర్ కిందికి జారుతోందన్నమాట.

ఆయిల్ ప్రెషర్‌ని కూడా లైటు చూసి వదిలేయకుండా గేజీ పెట్టి చూడండి. వేడెక్కాక స్లోలో అర కిలో కూడా లేకపోతే క్రాంకు బేరింగులు వదులైనట్టు అనుమానించాలి, లేదా ఆయిల్ పంపు. ఈ సంగతి ముందే తెలిస్తే "హాఫ్ ఇంజన్" పనితో (క్రాంకు ముట్టకుండా పిస్టన్లు, రింగుల వరకే) సరిపోతుందో, క్రాంకు కూడా తీయాలో అంచనాకి వస్తుంది.

3. విప్పాక, కొనేముందు కొలవండి

చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి లారీలాగా కింద ఛాసిస్ ఉండదు. ఇంజన్ బ్లాకే ట్రాక్టర్ నడుము. ముందు యాక్సిల్ ఒక వైపు, క్లచ్ హౌసింగ్ ఇంకో వైపు దానికే బిగించి ఉంటాయి. కాబట్టి ఇంజన్ దించడమంటే బండిని రెండు ముక్కలు చేయడమే. బోల్టులు విప్పేముందు ముందు యాక్సిల్‌కీ దాని బ్రాకెట్‌కీ మధ్య రెండు వైపులా ఏటవాలు చెక్క ముక్కలు (వెడ్జీలు) దిగ్గొట్టండి, లేకపోతే ముందు భాగం పక్కకి ఒరుగుతుంది. గేర్ బాక్స్ కింద జాకీ ఒక్కటే నమ్ముకోకుండా స్టాండ్లు కూడా పెట్టండి. చెట్టు కొమ్మకి చైను బ్లాకు వేలాడదీసి చేసేవాళ్ళని చూశాను. చేయగలరు, నేనైతే ఆ కింద నిలబడను.

విప్పిన తర్వాత ముందు తెలుసుకోవాల్సింది మీ బ్లాకు ఏ రకమో. కొన్నిటిలో లైనర్లు (మన మెకానిక్కులు స్లీవులంటారు) విడిగా ఉండి బయట నీళ్ళు తగులుతుంటాయి. వాటిని లాగేసి కొత్త స్లీవు, పిస్టన్, రింగులు కలిసిన కిట్టు వేసుకోవడమే. బోరు కొట్టించే పని లేదు. జపాన్ డిజైన్ చిన్న మూడు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి స్లీవులుండవు, పిస్టన్ నేరుగా బ్లాకులోనే ఆడుతుంది. వాటికి బోరు కొట్టించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ (అంత పెద్దవి) పిస్టన్లు వేయాలి. ఆ రెండూ అయిపోయాక మళ్ళీ అరిగితే కొత్త స్లీవు దిగ్గొట్టించడమో, బ్లాకు మార్చడమో.

స్లీవుల బండైతే స్లీవు బయటి వైపు కూడా చూడండి. సన్నటి గుంతలు వరసగా ఒకే పక్క కనిపిస్తే అది నీళ్ళలో పుట్టిన బుడగలు పగిలి తొలిచేసిన గుర్తు. రేడియేటర్‌లో కూలెంట్ మానేసి బోరు నీళ్ళు పోస్తే వచ్చే జబ్బిది. ఉప్పు నీళ్ళ ఊళ్ళలో దీనికి తోడు బ్లాకు లోపల గట్టి పొర కట్టుకుపోతుంది. గుంత లోపలి దాకా చొచ్చుకుపోతే నీళ్ళు ఆయిల్‌లో కలిసి ఆయిల్ పాల కాఫీ రంగులోకి తిరుగుతుంది.

సిలిండర్‌ని పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట క్రాంకు పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిపించండి. పై రింగు తిరిగే చోటే ఎక్కువ అరుగుతుంది. ఈ సైజు ఇంజన్లలో 0.15 మిల్లీమీటర్ దాటితే రింగులు మాత్రమే వేయడం డబ్బు దండగ. పైన గోరుకి తగిలే మెట్టు ఉంటే ఇంకా ప్రమాదం, కొత్త పై రింగు వెళ్ళి ఆ మెట్టుకి కొట్టుకుని విరుగుతుంది. క్రాంకు జర్నళ్ళని (బేరింగుల్లో తిరిగే చోట్లని) మైక్రోమీటర్‌తో కొలిపించి గీతలు, కోడిగుడ్డు ఆకారం చూడాలి. గ్రైండింగ్ చేయిస్తే క్రాంకు సన్నబడుతుంది కాబట్టి 0.25, తర్వాత 0.50 మిల్లీమీటర్ అండర్‌సైజ్ బేరింగులు వేయాలి. హెడ్డు ఫేసు వంగిందేమో స్కేలు పెట్టి చూపించి, ప్రెషర్ టెస్ట్ చేయించండి.

4. ఇప్పుడు నిర్ణయం

బ్లాకు పగిలినా, రాడ్డు విరిగి బ్లాకుకి కన్నం పడినా, మెయిన్ బేరింగ్ తిరిగిపోయి అది కూర్చునే చోటు పాడైనా, క్రాంకు ఇప్పటికే ఆఖరి అండర్‌సైజులో ఉండి మళ్ళీ అరిగినా మార్చడం గురించి ఆలోచించండి. విడిభాగాలు దొరకని పాత మోడలైతే కూడా అంతే. పిస్టన్ కిట్టు కోసం నెల రోజులు తిరిగినవాళ్ళున్నారు, దమ్ముల టైమ్‌లో ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇవేవీ కాకపోతే నా ఓటు రిపేరుకే. ఎందుకంటే కొలతలు మీ చేతిలో ఉన్నాయి, ఏం పోయిందో తెలుసు. సెకండ్‌హ్యాండ్ ఇంజన్ లోపల ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. రిపేరుకి కిట్టు, బేరింగులు, గాస్కెట్ సెట్టు, లేత్ పని, హెడ్డు పని, పంపు నాజిళ్ళు, కూలీ, ఆయిలు అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. దాని మీద ఇంకో 15 శాతం కలపండి, విప్పాక ఏదో ఒకటి బయటపడుతుంది. ఆ మొత్తం కంపెనీ ఇచ్చే కొత్త ఇంజన్ లేదా షార్ట్ బ్లాక్ (హెడ్డు లేకుండా క్రాంకు, పిస్టన్లు బిగించిన బ్లాకు) ధరలో 60 శాతం లోపుంటే రిపేరు చేయించండి. దాటితే కొత్తదాని వైపు చూడొచ్చు. ఇది నేను పెట్టుకున్న గీత, శాస్త్రమేమీ కాదు. ఇంకో మాట కూడా అడగాలి: మొత్తం బండి ఇవాళ అమ్మితే ఎంతొస్తుంది? ఇంజన్ ఖర్చు అందులో సగం దాటుతుంటే టైర్లు, గేర్ బాక్సు, హైడ్రాలిక్ ఎలా ఉన్నాయో చూసి మరీ చేయి పెట్టండి.

5. మార్చాలనే అనుకుంటే

బ్లాకే నడుము కాబట్టి అదే మోడల్ ఇంజనే కావాలి. హార్స్‌పవర్ ఒకటేనని పంపు సెట్టు ఇంజన్ తెచ్చి ఎక్కిస్తానంటే కుదరదు. ఫ్లైవీల్, క్లచ్ హౌసింగ్ బోల్టులు, ముందు బ్రాకెట్ కలవాలి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్లు దొరుకుతాయి. వెళ్ళేటప్పుడు మీ ఇంజన్ నంబరు, ఫొటోలు, కంప్రెషన్ గేజీ పట్టుకెళ్ళండి. చల్లగా ఉన్న ఇంజన్‌ని మీ కళ్ళ ముందు స్టార్ట్ చేయమనండి. ముందే వేడిచేసి పెట్టారంటే అనుమానించండి. కింద చాంబర్ (ఆయిల్ ఉండే తొట్టి) విప్పి ఒక్క బేరింగు అయినా చూపించమనండి. పైకి కొత్త పెయింట్ వేసి ఉన్నంత మాత్రాన లోపల పని చేసినట్టు కాదు. బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి కాగితాల కాపీ లేకుండా కొనకండి. ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్‌టీఓ ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఇన్సూరెన్స్ దగ్గర, బండి అమ్మేటప్పుడు చిక్కు.

6. రిపేరు చేయిస్తుంటే

మెకానిక్ కంటే ముందు మంచి లేత్ షాపు వెతకండి. ముందు పిస్టన్లు కొని లేత్ ఆయన చేతిలో పెట్టి, వాటిని కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టమనండి. ముందే బోరు కొట్టి తర్వాత పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల పని. హోనింగ్ అయ్యాక సిలిండర్ గోడ మీద అల్లిక లాంటి గీతలు కనబడాలి. అద్దంలా మెరుస్తుంటే ఆయిల్ నిలవదు.

తర్వాతి పని చాలామంది ఎగ్గొట్టేది: కడగడం. హోనింగ్ రాళ్ళ పొడి ఆ గీతల్లో దాక్కుంటుంది. డీజిల్‌తో కడిగితే పోదు. వేడి నీళ్ళు, బట్టల సబ్బు పొడి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, తెల్ల గుడ్డకి ఆయిల్ తడిపి తుడవాలి. మా బ్లాకుకి ఐదుసార్లు తుడిచినా గుడ్డకి బూడిద రంగు అంటింది. ఆరోసారికి తెల్లగా వచ్చింది. అప్పుడే పిస్టన్ ముట్టుకున్నాం.

ప్రతి రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా కిందికి నెట్టి, ఫీలర్ గేజీతో మూతి సందు చూడండి. 75, 80 మిల్లీమీటర్ల బోరుకి పావు మిల్లీమీటర్ పైన ఉండాలి, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడండి. సందు లేకపోతే వేడికి రింగు సాగి పట్టేస్తుంది. రింగు మీద అక్షరం ఉన్న వైపు పైకి రావాలి, మూతులు ఒకదాని కింద ఒకటి రాకూడదు. హెడ్డు, కనెక్టింగ్ రాడ్డు బోల్టులు టార్క్ పానాతోనే బిగించాలి. "చేతికి తెలుస్తుందిలే" అనే మెకానిక్ ఎంత సీనియరైనా టార్క్ పానా మీరే తెచ్చి ఇవ్వండి. రేడియేటర్ కూడా ఇప్పుడే విప్పి శుభ్రం చేయించండి.

7. మొదటి 50 గంటలు

స్టార్ట్ చేసేముందు స్టాప్ లివర్ లాగి పట్టుకుని, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి, ఒక్కసారే కాకుండా ఆగి ఆగి. డీజిల్ లైన్లో గాలి తీయండి. స్టార్టయ్యాక గంటల తరబడి స్లోలో వదిలేయడం "జాగ్రత్త" అనుకుంటారు చాలామంది. రింగులు బోరుకి సర్దుకోవాలంటే కొంచెం లోడు కావాలి. ఖాళీ ట్రక్కు, తేలిక గుంటక, ఒకసారి పెంచి ఒకసారి తగ్గించి నడపండి. రోటవేటర్, దమ్ము మాత్రం ఇప్పుడే వద్దు.

50 గంటలకి ఆయిలు, ఆయిల్ ఫిల్టరు రెండూ మార్చండి. దించిన ఆయిల్‌ని తెల్ల ప్లేటులో పోసి ఎండలో చూడండి. సన్నటి మెరుపు పొడి కొంచెం ఉంటే మామూలే. గోటికి తగిలేంత ముక్కలుంటే మెకానిక్‌ని పిలవండి. టాపెట్లు మళ్ళీ చూపించండి, మాన్యువల్ చెప్తే హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించాలి. అదే రోజు ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి లోపల వేలు పెట్టి చూడండి. బాబాయి ఇప్పటికీ ప్రతి ఆయిల్ మార్పుకీ ఆ వేలు తెల్ల తువ్వాలుకి తుడిచి చూస్తాడు. పిన్ని తువ్వాలు దాచిపెట్టుకుంటుంది.