ఫ్లాట్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు: కామన్ ఏరియా హక్కుల జాగ్రత్తలు

సేల్ డీడ్ డ్రాఫ్టు ముందే అడిగి తీసుకోండి. ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్‌లో మీకొచ్చే అవిభాజ్య స్థలం వాటా (విడదీయకుండా అందరికీ ఉమ్మడిగా ఉండే నేలలో మీ భాగం) ఎన్ని గజాలో అంకెల్లో ఉండాలి. వెయ్యి గజాల స్థలంలో ఒకే సైజు ఫ్లాట్లు 20 ఉంటే తలా 50 గజాలు రావాలి. 40 అని రాస్తే మిగిలిన 200 గజాలు బిల్డర్ దగ్గరో స్థల యజమాని దగ్గరో ఉండిపోతాయి. రేపు పైన ఇంకో అంతస్తు వేస్తామని గొడవ మొదలయ్యేది ఇక్కడే. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడి చూడండి.

"టెర్రస్ హక్కులు బిల్డర్‌వే" అనే వాక్యం ఉంటే తీసేయించండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం టెర్రస్, మెట్లు, లిఫ్టు, సెల్లారు, ఓపెన్ పార్కింగ్ అన్నీ ఉమ్మడివే. స్టిల్ట్ పార్కింగ్‌ను (భవనం కింద స్తంభాల మధ్య ఉండే పార్కింగ్) విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కు లేదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. పార్కింగ్‌కు విడిగా డబ్బు అడిగితే ఏ హక్కుతో అని నిలదీయండి.

మంజూరైన ప్లాన్ కాపీ చేతిలో పట్టుకుని సైటంతా తిరగండి. ప్లాన్‌లో పిల్లల ఆటస్థలం ఉన్నచోట వాచ్‌మన్ గదో జనరేటరో కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి. ప్లాన్ మార్చాలంటే మూడింట రెండొంతుల కొనుగోలుదారుల లిఖిత సమ్మతి తప్పనిసరి.

గేటు దాకా వచ్చే దారి పక్కవాళ్ల స్థలంలో ఉంటే రిజిస్టరైన దారి హక్కు పత్రం చూడందే సంతకం వద్దు. నోటిమాటను నమ్మితే, ఆ స్థలం చేతులు మారిన రోజే గోడ లేస్తుంది.

ఉమ్మడి స్థలాలను ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్ పేరున ఎప్పుడు రిజిస్టర్ చేస్తారో అగ్రిమెంటులోనే రాయించండి.