పింఛను నిధి లెక్క, 4వ పాఠం: లోటు తీరుతోందా, పెరుగుతోందా?

గత పాఠంలో యాక్చువరీ (పింఛను బాధ్యతల్ని లెక్కగట్టే నిపుణుడు) నివేదికలోంచి ఐదు అంకెలు ఏరి పెట్టుకున్నాం. ఈసారి వాటితో ఒక్క ప్రశ్న తేల్చుకుందాం: ఇప్పుడు కడుతున్న చందా లోటును తీరుస్తోందా, లేదా?

ఒక బస్సు సంస్థ పింఛను ట్రస్టు అనుకోండి. ఇప్పటివరకూ చేసిన సర్వీసుకు ఇవ్వాల్సిన పింఛన్ల నేటి విలువ (రాబడి అంచనా మేరకు తగ్గించి ఇప్పటికి లెక్కగట్టిన మొత్తం), అంటే ట్రస్టు బాధ్యత, 1,000. చేతిలో ఉన్న నిధి 620. లోటు 380. నిధి మీద రాబడి అంచనా 7 శాతం. ఏటా జీతాల మొత్తం 250. ఈ ఏడాది సర్వీసుకు కొత్తగా పడే పింఛను ఖర్చు జీతాల్లో 14 శాతం, అంటే 35. కార్మికుల చందా 6 శాతం, సంస్థ చందా 12 శాతం. రెండూ కలిపితే 45. చెల్లింపులన్నీ ఏడాది చివర జరుగుతాయనుకుందాం.

45లోంచి 35 ఈ ఏడాది సర్వీసుకే పోతుంది. పాత లోటుకు మిగిలేది 10. లోటు మీద 7 శాతం వడ్డీ (ఆ సొమ్ము నిధిలో ఉంటే వచ్చే రాబడి) మాత్రం 26.6. వడ్డీకే చాలని కిస్తీ ఇది. ఎవరూ ఒక్క వాయిదా ఎగ్గొట్టకపోయినా ఏడాది తిరిగేసరికి లోటు 396.6 అవుతుంది. చందా శాతాన్ని చట్టంలోనో ఒప్పందంలోనో బిగించేసిన చోట జరిగేది ఇదే. అందుకే "నిధి 62 శాతం నిండింది" అన్న మాట దగ్గర ఆగకండి, వడ్డీ లెక్క చూడండి.

20 ఏళ్లలో తీర్చాలంటే? 7 శాతం మీద 20 ఏళ్ల సమాన కిస్తీల గుణకం (ఏటా 1 చొప్పున కట్టే కిస్తీల నేటి విలువ) 10.594. 380ని దానితో భాగిస్తే ఏటా 35.87. దీనికి 35 కలిపితే 70.87, అంటే జీతాల్లో 28.3 శాతం. 30 ఏళ్లకు సాగదీస్తే గుణకం 12.409, చందా 26.2 శాతం. పదేళ్లు అదనంగా మోస్తే తగ్గేది రెండు శాతమే. మా దృష్టిలో ఆ బేరం కార్మికులకు గిట్టదు.

రాబడి అంచనాను ఒక్క శాతం తగ్గిస్తే బాధ్యత సుమారు 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. అంచనాను ఎక్కువగా ఉంచాలన్న ఒత్తిడి అక్కడినుంచే వస్తుంది.

ఇక ఓటీ (ఓవర్‌టైం, అదనపు పని గంటల జీతం). రవాణా సంస్థల్లో దీన్ని ప్రత్యేకంగా చూడాలి. పింఛను చివరి మూడేళ్ల సగటు జీతం మీద, ఏడాది సర్వీసుకు 2 శాతం చొప్పున అనుకోండి. 30 ఏళ్లు సర్వీసు చేసిన డ్రైవరు జీతం 100 అయితే పింఛను 60. ఆ మూడేళ్లూ 40 ఓటీ కలిస్తే 84. అదనపు ఓటీ మీద 18 శాతం చొప్పున వచ్చిన చందా మొత్తం 21.6. అదనపు పింఛను ఏడాదికే 24, అదీ బతికినంత కాలం. తప్పు డ్రైవరుది కాదు, సూత్రానిది. సగటును ఎక్కువ ఏళ్లకు విస్తరించడమో, పింఛను జీతంలో ఓటీకి పరిమితి పెట్టడమో చేయాలి. రెండోది చేస్తే, లెక్కలోకి రాని ఓటీ మీద చందా కోయకూడదు.

సంస్కరణ ఎలా ఉంటుందో చూడ్డానికి చికాగో ట్రాన్సిట్ అథారిటీ (అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని చికాగో నగర బస్సు, రైలు సంస్థ) మంచి ఉదాహరణ. 2008 ఇల్లినాయ్ చట్టం కార్మికుల చందాను 6 శాతం, సంస్థ చందాను 12 శాతం చేసింది. పింఛను నిధిలో వేయడానికి బాండ్లు అమ్మి తెచ్చిన అప్పును తీర్చే సొమ్ములో జీతాల్లో 6 శాతం వరకూ సంస్థ తన వాటాలో మినహాయించుకోవచ్చు. నిధి 60 శాతం కంటే దిగితే, పెంచాల్సిన చందాలో మూడోవంతు కార్మికులది, మూడింట రెండొంతులు సంస్థది. 2059 నాటికి 90 శాతం నిండాలి. 2008 ఆగస్టులో బాండ్లు అమ్మి సుమారు 110 కోట్ల డాలర్లు పింఛను నిధిలో వేశారు. మరుసటి నెలలో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి, మార్కెట్లు పడిపోయాయి. బాండ్లతో లోటు మాయం కాదు, వాయిదా తప్పరాని అప్పుగా మారుతుంది. నిధి రాబడి బాండ్ల వడ్డీని దాటితేనే లాభం.

అభ్యాసం: మన ట్రస్టు 70.87 కట్టింది, నిధి మీద రాబడి మాత్రం 4 శాతమే వచ్చింది. ఏడాది చివర లోటు ఎంత? 389.3 రావాలి. 370.7 వస్తే, 620 మీద తగ్గిన 3 శాతాన్ని, అంటే 18.6ను, కలపడం మరిచారు.