పైత్యనాళంలో స్టెంట్ వేయించే ముందు జాగ్రత్తలు

నాన్న దురదకి రాత్రంతా గోక్కుంటే తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు చారలుండేవి. పాంక్రియాస్‌లో (క్లోమంలో) క్యాన్సర్ గడ్డ, కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుల్లోకి తీసుకెళ్లే పైత్యనాళాన్ని నొక్కేయడం వల్ల వచ్చిన కామెర్లవి. పసరు మందుకి లొంగవు. ఆ పేరుతో మేం రోజులు పోగొట్టుకున్నాం, మీరు పోగొట్టుకోకండి.

శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్లు ముందురోజే విశాఖ చేరిపోండి. స్టెంట్ అంటే మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం. దాన్ని ఎండోస్కోపీతో, అంటే నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి వేస్తారు. అందుకు 6 నుంచి 8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి ఇడ్లీ తిన్నారా, ఆ రోజు పని పోయినట్టే.

• రక్తం పలచబరిచే మాత్రలు, షుగర్ మందులు చీటీతో సహా చూపించండి. మీ అంతట మీరు ఆపొద్దు.

• పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) రిపోర్టు తప్పనిసరి. ఈ కామెర్లలో విటమిన్ కె ఒంటికి సరిగా పట్టదు, రక్తం త్వరగా గడ్డకట్టదు.

• ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: ముందు ఆపరేషనా, కీమోనా? త్వరలోనే ఆపరేషన్ ఉంటే స్టెంట్ అందరికీ అక్కర్లేదు. వేస్తామంటే ప్లాస్టిక్‌దా, మెటల్‌దా? ప్లాస్టిక్‌ది సుమారు 3 నెలల్లో పూడుకుపోతుంది, మార్చాలి. మెటల్‌ది ఖరీదెక్కువ, కానీ ఎక్కువకాలం నిలుస్తుంది. మళ్లీ మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కడం కంటే అదే నయమని నా లెక్క.

• గోళ్లు కత్తిరించండి. చిన్న పనే, మాకు తట్టలేదు.

• ఇంటికొచ్చాక చలిజ్వరం, కడుపులో తీవ్రమైన నొప్పి, మళ్లీ ముదురు పసుపు మూత్రం కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

స్టెంట్ గడ్డని కరిగించదు. దురద మాత్రం తగ్గింది. పదోరోజున నాన్న చారన్నం అడిగి మరీ తిన్నారు.