దారి పక్క రాళ్ళు – 4వ పాఠం: శాసనంలో ఏడాదిని పట్టుకోవడం

పోయిన పాఠంలో తెలుగు అంకెలు ౧ నుంచి ౯ దాకా, సున్నాతో కలిపి, చేత్తో రాసి అలవాటు చేసుకోమన్నాను. రాయనివాళ్ళు ఈ పాఠం ఇక్కడే ఆపి, ముందు ఒక కాగితం మీద పదిసార్లు రాయండి. చూసి గుర్తుపట్టడం వేరు, చేత్తో రాసి గుర్తుపెట్టుకోవడం వేరు. రాయి మీద అంకె సగం అరిగిపోయినప్పుడు మిగతా సగం ఎటు తిరిగి ఉండేదో చేతికే తెలుస్తుంది.

ఈసారి ఆ అంకెలతో అసలు పని మొదలుపెడదాం.

శివాలయం ముందో, చెరువు కట్ట మీదో, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కకి జరిపిన చోటో ఒక రాతి పలక నిలబడి ఉంటుంది. నిండా అక్షరాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు పైనుంచి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోతారు. మూడో వరుసకే ఓపిక అయిపోతుంది. అలా వద్దు. మొదటి రోజు ఏడాది ఒక్కటి పట్టుకోండి చాలు. ఏడాది తెలిస్తే అది ఏ రాజు కాలమో తెలుస్తుంది. రాజు తెలిస్తే ఆ కాలం శాసనాల్లో మామూలుగా వచ్చే మాటలు తెలుస్తాయి. అప్పుడు మిగతా వరుసలు వాటంతట అవే విడివడతాయి.

ముందు రాయికి తల ఎటో చూసుకోండి. పై అంచున సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం రాయి మీద రాసిన దానం నిలవాలని ఆ గుర్తు. చాలా రాళ్ళలో వాటి కింద లింగం, నంది కూడా ఉంటాయి. నాలుగు పలకల స్తంభమైతే ఈ బొమ్మలున్న పలకే సాధారణంగా మొదటిది. బొమ్మల కింద మొదటి వరుసల్లో ‘స్వస్తిశ్రీ’ కోసం వెతకండి. ఆ దగ్గర్లోనే మనకు కావలసిన మాట ఉంటుంది: ‘శకవర్షంబులు’. విజయనగరం కాలం రాళ్ళలో ఇదే ‘శ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవర్షంబులు’ అని పెద్దగా ఉంటుంది. ఆ మాట వెనకాలే అంకెలు.

కొన్నిసార్లు రాజు బిరుదులతోనే పది వరుసలు నిండిపోయి ఏడాది ఎక్కడో కిందికి జారుతుంది. అప్పుడు ఎంత దూరం వెతకాలో తెలియడానికి ఒక ఆనవాలు చెబుతాను. చాలా దాన శాసనాల చివర ఒక శాపం ఉంటుంది. ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని మొదలై ‘విష్ఠాయాం జాయతే క్రిమిః’ అని ముగుస్తుంది. తాను ఇచ్చిందైనా, ఇంకొకరు ఇచ్చిందైనా, దానం చేసిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని అర్థం. ఈ శ్లోకం కంఠతా వచ్చినవాళ్ళకి రెండు మూడు అక్షరాలు కనబడ్డా మిగతాది తెలిసిపోతుంది. అది కనబడిందంటే మీరు శాసనం చివరికి వచ్చేసినట్టే. ఏడాది దానికంటే పైనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. తేదీ వరుస సాధారణంగా ఈ తీరులో నడుస్తుంది: శకవర్షంబులు ౧౨౧౧, విరోధి సంవత్సర, మార్గశిర శు ౧౨. ‘శు’ అంటే శుద్ధ పక్షం, ‘బ’ అంటే బహుళ పక్షం. తర్వాత వారం. వారాల పేర్లలో ఒక్కటే కొత్తగా అనిపిస్తుంది: వడ్డవారం అంటే శనివారం.

శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1211కి 78 కలిపితే 1289. నేను ఈ అంకెలు ఊరికే ఎంచుకోలేదు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఉన్న శాసనం తేదీ ఇది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారనీ, వాళ్ళకి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి దానం చేశాడనీ ఆ రాయి చెబుతుంది. తేదీ 1289 నవంబరు 27కి సరిపోతుంది. ఈ శాసనం వెలుగులోకి రాకముందు రుద్రమ 1295 దాకా పాలించిందని రాసేవారు. ఒక పల్లెటూరి రాయి మీద ఉన్న నాలుగు అంకెలు ఆ లెక్కను మార్చేశాయి. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయి ఉంటామో! ఆ రోడ్డుకి దగ్గర్లోనే ఒక రాణి మరణవార్త ఏడు వందల ఏళ్ళకు పైగా నిలబడి ఉంది. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది అలాంటి రాళ్ళ వల్లే.

అయితే 78 అన్నివేళలా సరిపోదు. శక సంవత్సరం చైత్రంలో, అంటే మన ఉగాదికి, మొదలవుతుంది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్లో జనవరి దాటిపోతుంది. ఆ రెండు నెలలకి 79 కలపాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చూడండి. శక ౧౦౮౪, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. 78 కలిపితే 1162 వస్తుంది, కానీ నెల మాఘం కాబట్టి 1163. తేదీ జనవరి 19. ఈ ఒక్క ఏడాది తేడాతో తప్పుగా రాసిన బోర్డులు కూడా ఉంటాయి. బోర్డు చూసి రాసుకోకండి, నెల చూసి మీరే లెక్క కట్టండి.

పుష్యమాసం మధ్యస్తం. డిసెంబరులో పడొచ్చు, జనవరిలోనూ పడొచ్చు. ఇక్కడ ‘ఉత్తరాయణ సంక్రాంతి’ అన్న మాట కనబడితే మనసు వెంటనే జనవరి 14 మీదికి పోతుంది. ఆగండి. 12, 13 శతాబ్దాల్లో సంక్రాంతి అప్పటి ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం డిసెంబరు 25 ప్రాంతంలో పడేది. సంక్రాంతి నాడు దానం చేయడం పుణ్యమని నమ్మేవారు కాబట్టి ఈ మాట మీకు చాలా రాళ్ళలో ఎదురవుతుంది. వాటికి 78 చాలు.

ఇక ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. అంకెల్ని ఎప్పుడూ ఒంటరిగా నమ్మకండి. సంవత్సరం పేరుతో సరిచూడండి. మన అరవై సంవత్సరాల పేర్లు, ప్రభవ నుంచి అక్షయ దాకా, శాసనంలో అంకెల పక్కనే ఉంటాయి. శక సంవత్సరానికి 12 కలపండి, 60తో భాగించండి. మిగిలిన శేషం ఎంతో, ప్రభవ నుంచి అన్నో పేరు రావాలి. శేషం ఏమీ మిగలకపోతే అక్షయ. చందుపట్ల లెక్క చూద్దాం: 1211కి 12 కలిపితే 1223. అందులో 1200 పోతే 23. ఇరవై మూడో పేరు విరోధి. సరిపోయింది. వేయిస్తంభాల గుడికి: 1084కి 12 కలిపితే 1096, 1080 పోగా 16. పదహారో పేరు చిత్రభాను. ఇది కొత్త కాలానికీ పనిచేస్తుంది. 2025 ఉగాదికి శకం 1947. 12 కలిపి 60తో భాగిస్తే శేషం 39, విశ్వావసు. పంచాంగం తీసి చూడండి.

ఈ సరిచూపు విలువ నాకు ఒక సాయంత్రం తెలిసింది. ఒక ఊరి చివర, పైకప్పు కూలిపోయిన గుడి దగ్గర, మోకాలెత్తు రాయి. వెనక పత్తి చేను. మధ్యాహ్నం వెళ్ళినప్పుడు ఎండ నిలువుగా పడుతుంటే రాయి మొత్తం నున్నగా, ఏమీ లేనట్టు కనిపించింది. ఆ చేను పెద్దాయన, “ఇప్పుడేం కనపడదు బాబూ, పొద్దు వాలినాక రా, అక్షరాలు లేస్తాయి” అన్నాడు. నిజంగానే ఐదున్నరకి అక్షరాలు లేచాయి. పక్కవాటుగా పడ్డ వెలుతురుకి ప్రతి గాడిలో నీడ నిండింది. ‘శకవర్షంబులు’ దొరికింది, తర్వాత ౧౧౯ స్పష్టంగా ఉంది. చివరి అంకె ౩ అనుకున్నాను. పేరు దగ్గర ‘ప్ర’ కనబడింది, మిగతాది పాకుడు కింద ఉంది. 1193 అయితే లెక్క ప్రకారం అయిదో పేరు ప్రజోత్పత్తి రావాలి. ‘ప్ర’ ఉంది కదా, సరిపోయిందని నోట్‌బుక్‌లో రాసేసుకుని, సంతోషంగా ఫోటోలు తీసుకుని వచ్చేశాను.

రాత్రి ఫోటో పెద్దది చేసి చూస్తే ‘ప్ర’ తర్వాత అక్షరం ‘జో’ కాదు, ‘మో’. ప్రమోదూత. అది నాలుగో పేరు, అంటే శకం 1192, మన లెక్కలో 1270. అప్పుడు అంకెని మళ్ళీ చూశాను. ౩ కి ఉండాల్సిన రెండో వంపు అక్కడ చెక్కింది కాదు, రాయి పెచ్చు లేచిన గుర్తు. అసలు అంకె ౨. పేరు లేకపోతే నేను ఆ తప్పునే ఖాయం చేసుకుని ఉండేవాణ్ణి. సరిచూసేటప్పుడు పేరులో మొదటి అక్షరంతో ఆగకండి. ‘ప్ర’తో మొదలయ్యే పేర్లు ఇవి కాక ప్రభవ, ప్రమాథి కూడా ఉన్నాయి. కనీసం మూడు అక్షరాలైనా చదవండి.

అంకె, పేరు ఒక్క ఏడాది తేడాతో కుదరకపోతే కంగారు పడనక్కర్లేదు. గడిచిన సంవత్సరాల్ని లెక్కపెట్టడం, నడుస్తున్న సంవత్సరాన్ని లెక్కపెట్టడం అని రెండు పద్ధతులు ఉండేవి. అలాంటప్పుడు నేను పేరునే నమ్ముతాను. నాలుగైదేళ్ళ తేడా వస్తే మాత్రం మీరు అంకె తప్పు చదివారనే అనుకోండి.

అంకెలు అసలు లేకుండా మాటలు మాత్రమే ఉండే శాసనాలూ ఉన్నాయి. సంస్కృత శ్లోకాల్లో చంద్ర అంటే 1, నేత్ర 2, అగ్ని 3, వేద 4, బాణ 5, రస 6, గిరి 7, గజ 8, నిధి 9, గగన 0. కుడి నుంచి ఎడమకి చదవాలి. ‘వేద గజ గగన చంద్ర’ అని నేను మీకోసం కూర్చిన మాటల్ని తిప్పి చదివితే 1084. దీని సంగతి ఇంకో పాఠంలో వివరంగా చూద్దాం. మరీ పాత రాళ్ళలో శకమే ఉండదు. తెలుగులో దొరికిన వాటిలో మొదటిదిగా చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనంలో ఏడాది లేదు. ఎరికల్ ముతురాజు ధనంజయుడు రేనాడు ఏలే కాలానిదని ఉంది, అంతే. అక్షరాల తీరుని బట్టి దాన్ని 575 ప్రాంతానిదిగా లెక్కగట్టారు. అలాంటి రాయి ఎదురైతే మన లెక్క పనికిరాదు. ఫోటో తీసుకుని తెలిసినవాళ్ళకి చూపించడమే.

వెలుతురు గురించి ఇంకో మాట. సాయంత్రం దాకా ఆగలేకపోతే ఎవరినైనా గొడుగో దుప్పటో అడ్డం పట్టమని, టార్చ్‌ని రాయికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి వేయండి. ఫోన్ ఫ్లాష్ ఎదురుగా కొడితే నీడలన్నీ పోతాయి. అదే వరుసని నాలుగు వైపుల నుంచి వెలుతురు వేసి నాలుగు ఫోటోలు తీయండి. ఒకదాంట్లో కనబడనిది ఇంకోదాంట్లో కనబడుతుంది. రాయి మీద సుద్దముక్క, పిండి, నూనె, పసుపు, రంగు ఏవీ పూయకండి. పాకుడుని ఇనుప బ్రష్‌తో గీకకండి. అక్షరం బాగా కనబడాలని మనం ఒకసారి గీకితే ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన అంచు ఆ పూటతో పోతుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే 1958 చట్టం ప్రకారం దాన్ని పాడుచేయడం నేరం కూడా. రక్షణ లేని రాయికి మనమే దిక్కు, అందుకని అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఊళ్ళోకి వెళ్ళగానే రాయి దగ్గరికి పోకండి. ముందు గుడి పూజారినో, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళనో పలకరించండి. రాతలున్న రాయి కింద లంకెబిందెలు ఉంటాయన్న నమ్మకం ఇప్పటికీ చాలా చోట్ల ఉంది. ఆ నమ్మకంతో రాత్రిపూట తవ్వి రాళ్ళు పగలగొట్టినవాళ్ళున్నారు. అందుకే కొత్తవాళ్ళు టార్చ్ వేసుకుని వంగి చూస్తుంటే ఊరివాళ్ళకి అనుమానం, మనకి టెన్షన్. ఏడాది చదవగానే వాళ్ళకి గట్టిగా చదివి వినిపించండి. “ఇది ఫలానా ఏట, మీ ఊరి గుడికి భూమి ఇచ్చిన కాగితం అండీ, దీని కింద నిధి ఏమీ లేదు” అని చెప్పండి. ఆ పత్తి చేను పెద్దాయనకి అలాగే ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు ఆయన ఆ రాయి చుట్టూ ముళ్ళకంప తీసేసి, పశువులు ఒరుసుకోకుండా నాలుగు గుంజలు పాతాడట.

ఈసారి ఇంటిపని రెండు లెక్కలు. ఒకటి, రామప్ప గుడి శాసనం: శక ౧౧౩౫, శ్రీముఖ, చైత్రం. ఏ సంవత్సరమో చెప్పండి, పేరు సరిపోయిందో లేదో చూడండి. రెండు, శక ౧౪౩౭, యువ, ఆషాఢం. సంవత్సరం తేల్చాక, ఆ నెలలో శ్రీకృష్ణదేవరాయలు ఏ కోట గెలిచాడో వెతకండి. వీలైతే మీ ఊరికి ఇరవై కిలోమీటర్లలోపు ఉన్న ఒక రాయి దగ్గరికి పొద్దువాలే వేళ వెళ్ళి ‘శకవర్షంబులు’ అన్న ఒక్క మాట పట్టుకుని రండి. 5వ పాఠంలో అక్షరాలే లేని రాళ్ళ దగ్గరికి, పోరాటంలో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లుల దగ్గరికి వెళదాం.