ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అంటే ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

నా మొదటి ఇంటర్వ్యూ రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో. సరుకు రాకపోకలు చూసుకునే ఉద్యోగం. ‘మీ గురించి చెప్పండి’ అన్నారు. రాత్రంతా బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పాను: పేరు, ఊరు, డిగ్రీ, మార్కులు, నాన్న రైతు, అమ్మ గృహిణి, హాబీ క్రికెట్. ఆయన ఓపిగ్గా విని, ‘నాన్నగారు ఏం పండిస్తారు?’ అని అడిగారు. ‘మామిడి సార్, తోతాపురి’ అని ఊరుకున్నాను. ఉద్యోగం రాలేదు. ఆయన చెప్పుకునే అవకాశం అందించాడు, నేనే అందుకోలేదని తిరిగొచ్చే బస్సులో గానీ తట్టలేదు.

ముందు సంఘటనలు ఏరుకోండి

ఒక సాయంత్రం నోటుబుక్కు పెట్టుకుని కూర్చోండి. ‘నేను కష్టపడే మనిషిని, నలుగురితో కలిసిపోతాను’ లాంటివి రాయొద్దు, అవి అందరూ చెప్పేవే. ఏదో ఇబ్బంది వచ్చి, మీరు కల్పించుకున్నాక పరిస్థితి మారిన సందర్భాలు రాయండి. ఎనిమిదో పదో వస్తాయి. రాకపోతే అమ్మనడగండి, మీరు మరిచిపోయినవి కూడా ఆమె చెబుతుంది.

కంపెనీ అనుభవమే కానక్కర్లేదు. తిరుమలలో వారం రోజులు శ్రీవారి సేవకు వెళ్లినప్పుడు, క్యూలో పసిబిడ్డతో విసిగిపోయిన తమిళ కుటుంబాన్ని ఎలా సముదాయించారో చెప్పండి. హోటల్ రిసెప్షన్ ఉద్యోగానికి అంతకంటే ఏం కావాలి? మామయ్య అంగట్లో సాయంత్రాలు లెక్కలు చూసి ఉంటే అదీ అనుభవమే.

ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకుని వీటిలో మూడింటిని ఎంచుకోండి. శ్రీసిటీ ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ పనైతే, అందరూ చూసీ చూడనట్టు వదిలేసిన లోపాన్ని మీరు పట్టుకున్న కథ. అమ్మకాల పనైతే, కాదన్న మనిషిని ఒప్పించిన కథ.

నాలుగు ముక్కలు చేయండి

ఏం జరుగుతోంది, మీ మీద పడిన బాధ్యత ఏంటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది. దీన్నే స్టార్ పద్ధతి అంటారు. సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అనే మాటల మొదటి అక్షరాలవి. మొత్తం రెండు నిమిషాలు దాటకూడదు, అందులో సగానికి పైగా మూడో ముక్కకే ఇవ్వాలి. మనవాళ్లు మొదటి ముక్కను తాతల కాలం నుంచి ఎత్తుకుంటారు, అసలు సంగతి వచ్చేసరికి ఎదుటాయన గడియారం చూస్తుంటాడు.

ఆ రోజు నేను చెప్పాల్సింది ఇదీ:

‘జూన్‌లో మా చిత్తూరు పక్క తోతాపురి కోతలన్నీ ఒకేసారి మీద పడతాయి సార్. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. మా లోడు రెండు రోజులు రోడ్డు మీదే ఉండిపోయింది. అడుగు కాయలు మెత్తబడ్డాయని ధర కోశారు. తర్వాతి కోత నాన్న నాకు అప్పగించారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలి ఆయన పుస్తకం చూశాను. ఏ బండి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు కాటా ఎక్కిందో మూడు రోజులవి రాసుకున్నాను. రాత్రి పదకొండు దాటాక వచ్చిన బండ్లు తొందరగా పోతున్నాయి. అందుకే కూలీలను మధ్యాహ్నం పిలిపించి, చీకటి పడేలోపు కోత ముగించి, లోడు రాత్రికి పంపించాను. ఆరు గంటల్లో కాటా అయింది. ఒక్క కాయ కూడా పక్కన పెట్టలేదు.’

ఆ ఉద్యోగానికి కావాల్సిందంతా ఇందులోనే ఉంది. నాకు మాత్రం అది మా ఇంటి గొడవ అనిపించింది, చెప్పుకునే సంగతి అనిపించలేదు.

‘చేశాం’ అనడం మానండి

ఇది మనకు కష్టం. ‘నేను చేశాను’ అంటే గొప్పలు పోతున్నట్టుంటుందని ‘చేశాం సార్’ అంటాం. పైగా తెలుగులో ‘నేను’ అనకుండానే క్రియతో నెట్టుకొస్తాం, ఇంగ్లీషులోకి మార్చేసరికి అది ‘ఇట్ వాజ్ డన్’ అయిపోతుంది. ఎవరు చేశారో అడిగేవారికి తెలియదు. మొహమాటంగా ఉంటే పంచి చెప్పండి: ‘ట్రాక్టర్ మా అన్న తోలాడు, వేళలు నేను నిర్ణయించాను.’

మీరు చేసిన తప్పు చెప్పమంటే

‘మరీ ఎక్కువ కష్టపడతాను సార్, అదే నా తప్పు’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు. నిజమైన తప్పు, సరిదిద్దుకున్న తప్పు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఉదాహరణకు, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున కూడా అంగడికి మామూలు రోజులాగే సరుకు తెప్పించారు, మధ్యాహ్నానికే ఖాళీ. మరుసటి ఏడు పాత అమ్మకాల చీటీలు ముందేసుకుని ఆర్డర్ పెట్టారు. చాలు. పాత మేనేజరును తిట్టే కథ ఎంత నిజమైనా బయటికి తీయొద్దు. స్నేహితుడి కథను మీదిగా చెప్పినా ‘ఆ రోజు ఎంతమంది కూలీలు వచ్చారు?’ అన్న రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పైకి చెప్పి చూడండి

రాసింది బట్టీ పట్టొద్దు. నాలుగు మాటలు గుర్తుంటే చాలు, నా కథకైతే బారు, పుస్తకం, రాత్రి లోడు, ఆరు గంటలు. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. నేనైతే అలిపిరి మెట్లెక్కుతూ స్నేహితుడికి చెప్పేవాణ్ని. గాలిగోపురం దాకా ఎక్కుడే, ఊపిరి అందదు, అనవసరమైన మాటలు వాటంతటవే రాలిపోతాయి. మొత్తం 3,550 మెట్లు, ఎన్ని కథలకైనా సరిపోతాయి.

ఉద్యోగం వచ్చాక

నోటుబుక్కు పారేయకండి. ప్రతి శనివారం రెండు వరుసలు రాయండి: ఏం ఇబ్బంది వచ్చింది, నేనేం చేశాను. అంకె ఏదైనా ఉంటే అదీ రాయండి. ఏడాది చివర అప్రైజల్‌లో, అంటే పనితీరు సమీక్షలో, మీరు జూన్‌లో చేసింది మేనేజరుకు గుర్తుండదు, మీకూ ఉండదు. బయోడేటాలో కూడా ‘బాధ్యతలు నిర్వహించాను’ అని రాసేచోట ఆ వరుసల్లో ఒకటి పెట్టండి: ‘లోడు నిరీక్షణ రెండు రోజుల నుంచి ఆరు గంటలకు తగ్గించాను.’ మిగతాది వాళ్లే అడుగుతారు.