కాలేజీలో స్నాక్స్ మిషన్ పెట్టాలంటే ఏం చేయాలి?

కావలి నుంచి, గూడూరు నుంచి నెల్లూరుకు, సింగరాయకొండ నుంచి ఒంగోలుకు రోజూ వచ్చి చదువుకునే పిల్లలు పొద్దున ఆరున్నరకే ఇల్లు వదులుతారు. అమ్మ ఇడ్లీ పాత్ర దించేలోపే బస్సు వచ్చేస్తుంది. పదకొండు గంటల బ్రేక్‌కు వాళ్ల కడుపు కాలిపోతూ ఉంటుంది. బ్రేక్ చూస్తే పావుగంట, క్యాంటీన్ ముందు చూస్తే తిరునాళ్ల. సగం మంది ఏమీ తినకుండానే మళ్లీ క్లాసుకు వెళ్లిపోతారు. డబ్బు కట్టి నంబరు నొక్కితే ప్యాకెట్ దానంతటదే కింద పడే స్నాక్స్ మిషన్ కాలేజీలో అవసరం ముందుగా ఈ పిల్లలకే. ఆ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మిషన్ ఎక్కడ పెట్టాలి, అందులో ఏం ఉంచాలి, ఎన్ని గంటలకు నింపాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుంది.

నెల్లూరు జిల్లాలో రెండు కాలేజీల్లో మిషన్లు చూసుకుంటున్నాను. చేస్తూ నేర్చుకున్నవే ఇవన్నీ.

1. ముందు బల్ల, తర్వాతే మిషన్

కొత్త మిషన్ ధర లక్షల్లో ఉంటుంది. కొనే ముందు ప్రిన్సిపాల్‌ని అడిగి, రెండు వారాలు ఒక బల్ల వేసుకోండి. పది పన్నెండు రకాల స్నాక్స్, ఒక క్యూఆర్ స్టిక్కర్, ఒక నోటు పుస్తకం చాలు. ఏ గంటలో ఏది ఎంత పోయిందో రాసి పెట్టుకోండి. నేను వేసిన బల్ల దగ్గర పొద్దున బ్రేక్‌లో కడుపు నింపేవే పోయేవి: బిస్కెట్లు, కేకు ముక్కలు, మజ్జిగ. సాయంత్రం నాలుగు దాటాక కారం మీదికి మనసు పోయేది. చిప్స్ మాత్రమే అమ్ముడవుతాయని నేను అనుకున్నది తప్పని నాలుగో రోజుకే తెలిసిపోయింది.

అప్పుడే లెక్క కూడా వేసుకోండి. రోజుకు 80 ప్యాకెట్లు పోయి, ఒక్కోదాని మీద 3 రూపాయలు మిగిలాయనుకుందాం. రోజుకు 240. నెలకు 22 పని దినాలైతే 5,280 రూపాయలు. అందులోనే చోటుకు అద్దె, కరెంటు, పెట్రోలు, మిషన్ వాయిదా రావాలి. రావు. అదే ప్యాకెట్ మీద 6 రూపాయలు మిగిలే సరుకు సగం ఉంటే కథ వేరు. కాబట్టి మీ బల్ల లెక్క చూసి, కాగితం మీద నిలబడితేనే ముందుకు వెళ్లండి.

క్యాంపస్ ఎక్కడుందో కూడా చూడాలి. నెల్లూరులో వీఆర్సీ సెంటర్ చుట్టుపక్కల కాలేజీల్లో అయితే గేటు దాటితే బజారే. కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి యూనివర్సిటీ లాగా ఊరికి దూరంగా ఉన్న చోట, లేదా పిల్లలు పగలూ రాత్రీ అక్కడే ఉండే ఒంగోలు ట్రిపుల్ ఐటీ లాంటి రెసిడెన్షియల్ క్యాంపస్‌లో మిషన్ అవసరం వేరు. సాయంత్రం గేటు మూశాక బయటికి వెళ్లలేని ఆడపిల్లల హాస్టల్‌లో ఇంకా ఎక్కువ.

2. క్యాంటీన్ అన్నతో ముందే మాట్లాడండి

చాలా కాలేజీల్లో క్యాంటీన్ కాంట్రాక్టులో, క్యాంపస్ లోపల తినుబండారాలు అమ్మే హక్కు వాళ్లకే అని రాసి ఉంటుంది. అది తెలుసుకోకుండా మిషన్ దించితే వారంలో గొడవ. నేనైతే వెళ్లి కూర్చుని టీ తాగి, "అన్నా, నువ్వు వేడివేడిగా పెట్టేవి నేను పెట్టను. నువ్వు షట్టర్ దించాక నా మిషన్ పని చేస్తుంది" అన్నాను. పునుగులు, టీ ఆయనవి. ప్యాకెట్ సరుకు, చల్లటి పాలు, మజ్జిగ నావి. ఆయన పొట్ట కొట్టి మనం బాగుపడేది లేదు. పైగా మిషన్ ఆగిపోతే మొదట ఫోన్ చేసేది ఆయనే.

తర్వాత కాలేజీతో ఒప్పందం. నోటిమాట మీద నడిపించవద్దు. చోటు ఎక్కడ, ఎన్నేళ్లు, అద్దెనా అమ్మకంలో వాటానా, కరెంటు బిల్లు ఎవరిది, మిషన్ తీసుకెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. కరెంటుకు విడిగా ఒక సబ్ మీటర్ పెట్టించుకోండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి బిల్లు దగ్గర మాటా మాటా వస్తుంది.

3. కాగితాలు

ఆహారం అమ్మే ఎవరికైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నంబరు ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో దరఖాస్తు చేసుకోవచ్చు. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ సరిపోతుంది, పెద్దదానికి లైసెన్సు. ఆ 14 అంకెల నంబరు మిషన్ మీద కనిపించేలా అతికించండి.

ఎంఆర్‌పీ మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. చల్లబరిచినందుకు అదనం అనేది కుదరదు. పిల్లలకు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబరు బాగా తెలుసు.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చరు లాంటి కారం సరుకు మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, గ్యాస్ కూల్‌డ్రింకుల మీద 40 శాతం అయింది. పాత ధర ఉన్న స్టాక్ చవగ్గా వస్తోందని తెచ్చుకుని తిప్పలు పడొద్దు.

జంక్ ఫుడ్ విషయం కూడా ముందే తేల్చుకోవాలి. క్యాంపస్‌లలో జంక్ ఫుడ్ అమ్మకం ఆపాలని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2016లో, మళ్లీ 2018లో కాలేజీలకు రాసింది. మీ ఆవరణలోనే స్కూలు కూడా ఉంటే ఇంకా గట్టి నియమం ఉంది: కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని స్కూల్లో గానీ, గేటుకు 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో రూలు తెచ్చింది. మన దగ్గర స్కూలు, జూనియర్ కాలేజీ ఒకే కాంపౌండ్‌లో ఉండటం మామూలే కాబట్టి ఇది మరిచిపోకండి.

4. చోటు, కరెంటు

పడమటి ఎండ తగిలే గోడ దగ్గర మిషన్ పెట్టకండి. నేను మొదటి మిషన్ అలాగే పెట్టాను. అక్కడ ప్లగ్ పాయింట్ దగ్గరని అందరూ చెబితే సరే అన్నాను. ఏప్రిల్ రెండో వారంలో తలుపు తీసి చూస్తే చాక్లెట్లన్నీ కవర్లోనే కరిగి, స్ప్రింగుల సందుల్లోకి జారి గట్టిపడి ఉన్నాయి. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన నెల్లూరు ఎండ 40 దాటేది ఎన్ని రోజులో చెప్పక్కర్లేదు. అద్దం గుండా ఎండ పడితే కంప్రెసర్ ఎంత తిరిగినా లాభం లేదు. మిషన్ వెనక ఒక జానెడు ఖాళీ వదలండి, వేడి గాలి బయటికి పోవాలి.

విడిగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్, స్టెబిలైజర్ తప్పనిసరి. వోల్టేజీ హెచ్చుతగ్గులకు ముందు పోయేది లోపలి బోర్డే. మిషన్ కింద ఇటుకలతో అరడుగు అరుగు కట్టించండి. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం వచ్చిందంటే వరండాలోకి నీళ్లు రావడం ఇక్కడ అందరూ చూసినదే. తీరానికి దగ్గరగా ఉన్న కాలేజీ అయితే ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, నెలకోసారి వెనక జాలీ తుడవాలి.

5. ఏం నింపాలి?

కంపెనీ చిప్స్ వద్దనను. కానీ వాటితోనే నింపితే పక్కన బడ్డీ కొట్టుకూ మీకూ తేడా ఏముంది? మన దగ్గర దొరికేవి చూడండి. వేరుశనగ చిక్కీలు, నువ్వుండలు, పప్పుచెక్కలు, మురుకులు, వేయించిన శనగలు. చల్లటి అరలో మజ్జిగ, పాలు. గూడూరు, పొదలకూరు నిమ్మకాయకు పేరున్న మన ప్రాంతంలో పిల్లలు నిమ్మరసం బదులు రంగునీళ్లు ఎందుకు తాగాలి? పొద్దున తినకుండా వచ్చిన పిల్లకు పల్లీ చిక్కీ ఒక్కటి చాలు, మధ్యాహ్నం దాకా నిలబెడుతుంది.

ఇంట్లో చేసేవాళ్ల దగ్గర, డ్వాక్రా గ్రూపుల దగ్గర కొంటే మిగులూ బాగుంటుంది, వాళ్లకూ ఆదాయం. కానీ వాళ్లకు కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. ప్యాకెట్ మీద పేరు, వాడిన పదార్థాలు, శాకాహారమైతే పచ్చ గుర్తు, బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలి, ధర అన్నీ అచ్చు వేయాలి. వేరుశనగ ఉంటే ఆ సంగతి స్పష్టంగా కనిపించాలి, పడని పిల్లలుంటారు. నూనె సరుకు పాతబడితే ముక్కిన వాసన వస్తుంది. అందుకని తయారైన వారంలోపు తెచ్చుకుని, రెండు మూడు రోజులకు సరిపడానే నింపండి. పలచటి కవరు, స్టేప్లర్ పిన్ను కొట్టిన ప్యాకెట్ అసలు తీసుకోవద్దు. పిన్ను తిండిలో పడొచ్చు, కవరు స్ప్రింగులో చిరిగిపోతుంది. అంచులు వేడితో సీలు వేసిన కవరే కావాలి.

ఆడపిల్లల బ్లాక్‌లో శానిటరీ ప్యాడ్ల మిషన్ పెట్టమని అడుగుతారు. తప్పకుండా పెట్టండి, కానీ తిండి మిషన్‌లో కలపకుండా విడిగా, వాష్‌రూమ్ దగ్గర పెట్టండి.

6. నింపడమే అసలు పని

మిషన్ లోపల ఒక్కో అరలో స్ప్రింగులు వరసగా ఉంటాయి. నంబరు నొక్కితే ఆ వెనక మోటారు స్ప్రింగును ఒక చుట్టు తిప్పుతుంది, ముందున్న ప్యాకెట్ కింద పడుతుంది. ఇరుక్కోవడాలన్నీ మొదలయ్యేది ఈ ఒక్క చుట్టు దగ్గరే. స్ప్రింగు చుట్టుకూ చుట్టుకూ మధ్య ఖాళీ ప్యాకెట్ మందానికి సరిపోవాలి. గాలి నింపిన చిప్స్ ప్యాకెట్‌కు వెడల్పు ఖాళీ, చిక్కీకి సన్నటి ఖాళీ. ఒక ఖాళీలో ఒకటే ప్యాకెట్, నిటారుగా, అడుగు అంచు స్ప్రింగు మీద ఆనేలా పెట్టాలి. వెనక్కి వాలితే చుట్టు తిరిగినా పడదు.

ఒకసారి సాయంత్రం వెళ్లేసరికి ఒక అమ్మాయి మిషన్ ముందు నిలబడి ఉంది. పప్పుచెక్కల ప్యాకెట్ ముందుకు వచ్చి, పైఅంచు స్ప్రింగు చివరి కొనకు తగులుకుని, అద్దానికి ఆనుకుని వేలాడుతోంది. "అన్నా, ఇరవై రూపాయలు పోయాయి, బస్సుకు టైమ్ అయిపోతోంది" అంది. తలుపు తీసి ప్యాకెట్ ఇచ్చాను. తర్వాత చూస్తే తప్పు నాదే. తొందరలో ఆ వరస మొత్తం తలకిందులుగా నింపేశాను. పైఅంచు పొడుగ్గా ఉండే కవరు అది. అప్పటి నుంచి నింపిన ప్రతిసారీ, మార్చిన ప్రతి వరసకూ ఒక ప్యాకెట్ నేనే పడేసి చూసి గానీ తాళం వేయను.

బరువైన సీసాలు, డబ్బాలు కింది అరల్లో ఉండాలి. పైనుంచి పడితే పగులుతాయి. పాత స్టాక్ ముందుకు, కొత్తది వెనక్కి. పాలు, మజ్జిగ కాని సరుకును గడువు ఇంకా పది రోజులుందనగానే తీసేయండి. పాల సరుకు 5 డిగ్రీల లోపు ఉండాలి. రాత్రి ఎక్కువసేపు కరెంటు పోయిందని తెలిస్తే, పొద్దున మొదటి పని ఆ అరను ఖాళీ చేయడమే. డబ్బు పోతే పోనివ్వండి.

పొద్దున 10.30 లోపు నింపడం పూర్తి కావాలి. 11 గంటలకు ఖాళీ అర కనిపిస్తే పిల్లలు రెండోసారి రారు. చీమలు, ఎలుకలు కూడా మన లాగే వాసన పట్టి వస్తాయి. రాలిన తిండి ముక్కలు తుడవండి, వెనక వైరు దూరే రంధ్రాన్ని జాలీతో మూయండి.

7. డబ్బు కట్ అయి సరుకు రాకపోతే

ఇది జరుగుతుంది. ప్యాకెట్ పడిందో లేదో చూసే సెన్సార్ ఉన్న మిషన్ తీసుకుంటే, పడనప్పుడు డబ్బు వెనక్కి పంపేలా పెట్టుకోవచ్చు. అయినా మిషన్ మీద పెద్ద అక్షరాలతో మీ ఫోన్ నంబరు రాయండి. స్క్రీన్‌షాట్ పంపితే అదే రోజు తిరిగి వేయండి. పది రూపాయల కోసం పిల్లాడితో వాదించకండి. డబ్బు మీ ఖాతాకు రాకుండా మధ్యలో ఆగిపోతే మాత్రం బ్యాంకు చూసుకోవాలి. అలాంటి యూపీఐ డబ్బు ఐదు రోజుల్లోపు తిరిగి రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. ఈ సంగతి పిల్లలకూ చెప్పండి.

8. సెలవులు

కాలేజీ క్యాలెండర్ చేతిలో లేకుండా స్టాక్ ఆర్డర్ పెట్టొద్దు. దసరా, సంక్రాంతి, సెమిస్టర్ పరీక్షల తర్వాతి వారాలు అమ్మకం ఉండదు. సెలవులకు వారం ముందు నుంచే తగ్గించుకుంటూ రండి. చివరి రోజు అంతా ఖాళీ చేసి, అరలు తడిగుడ్డతో తుడిచి, ఆరాక ప్లగ్ తీసేయండి. తలుపు పూర్తిగా మూస్తే లోపల ముక్కిన వాసన పడుతుంది. కాబట్టి సన్నటి చెక్కముక్క అడ్డం పెట్టి, సందు మీద జాలీ అతికించి, వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పండి. తిరిగి తెరిచే ముందు రోజు మధ్యాహ్నమే మిషన్ ఆన్ చేసి, చల్లబడ్డాక సాయంత్రం నింపండి. మర్నాడు ఆరున్నర బస్సు ఎక్కిన పిల్లలు వచ్చేసరికి మజ్జిగ చల్లగా ఉండాలి.