వానలు మొదలయ్యేలోపు ఇంట్లో కంప్యూటర్‌కు ఈ జాగ్రత్తలు

బడులు తెరిచే రోజులు, పిడుగుల రోజులు రెండూ జూన్‌లోనే. పిల్లల కోసం డెస్క్‌టాప్ పెట్టేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో ఎలాగోలా ఇరికించొద్దు. క్యాబినెట్ (కంప్యూటర్ భాగాలుండే పెట్టె) వెనక ఇనుప అంచు తాకితే చెయ్యి జివ్వుమంటోందా? ఎర్తింగ్ సరిగ్గా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్ చూసేదాకా స్విచ్ వేయకండి, ఇది ప్రాణాలతో పని.

• మబ్బు పట్టగానే, ఉరుములు దగ్గరపడకముందే షట్‌డౌన్ చేసి ప్లగ్గు తీసేయండి. రూటర్ నుంచి వచ్చే నెట్ కేబుల్ కూడా. చాలామంది దీన్నే మరిచిపోతారు. పిడుగు పడితే ఆ తీగ గుండానే మదర్‌బోర్డు కాలిపోవచ్చు. స్పైక్ బస్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు అడ్డుకునే ప్లగ్గుల పట్టీ) ఉందన్న ధీమా వద్దు.

• యూపీఎస్‌కు (కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్ నడిపే బ్యాటరీ పెట్టె) లేజర్ ప్రింటర్ తగిలించొద్దు. వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగేస్తుంది, యూపీఎస్ తట్టుకోలేదు.

• క్యాబినెట్ వెనక జానెడు ఖాళీ వదలండి, వేడి గాలి పోవాలి.

• ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని విడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినా, పిడుగు పడినా అసలూ, కాపీ రెండూ పోవచ్చు.

• మానిటర్ పై అంచు కంటి ఎత్తులో, తెర చేయి చాపినంత దూరంలో. పిల్లల కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేయండి, లేకపోతే ముందుకు జారి వంగి కూర్చుంటారు.